తమ్ముడు పోసిన నీళ్ళు

మా తమ్ముడు కారులో నీళ్ళు పోశానన్నాడు. పోయలేదని నేనన్నాను. నిరుడు చలికాలంలో ఒక ఆదివారం పొద్దున, చర్చికి బయల్దేరబోతూ అనుకున్న మాట ఇది. ఇద్దరు ముసలివాళ్ళున్న ఇంట్లో ఇలాంటివి రోజూ ఉంటాయి. గ్యాస్ కట్టేశావా అంటే కట్టేశాను, పాలవాడికి చెప్పావా అంటే చెప్పాను. వాటిని ఎవరూ గుర్తు పెట్టుకోరు. ఈ నీళ్ళ మాటను మాత్రం నేను గట్టిగా పట్టుకున్నాను. అది పట్టుకునే మా తమ్ముడికి మతి తప్పుతోందని తేల్చాను. వాడి చేత కూడా ఒప్పించాను.

నాకు డెబ్బై ఆరు, వాడికి డెబ్బై రెండు. నేను రైల్వే అకౌంట్స్‌లో గుమాస్తాగా చేరి, ఆ పనిలోనే రిటైరయ్యాను. పెళ్ళి చేసుకోలేదు. వాడు సింగపూరు రేవులో క్రేన్ ఫిట్టరుగా చాలా ఏళ్ళు చేసి తిరిగొచ్చాడు. భార్య పోయిన తర్వాత ఖరగ్‌పూర్‌లో, ఝపటాపూర్ పేటలో, నా ఇంట్లోనే ఉంటున్నాడు. వాడి కూతురు టీచరు, సుభాష్‌పల్లిలో కాపురం. మా కుటుంబమంటే మేం ముగ్గురమే.

సింగపూరు నుంచి వస్తూ వాడు అక్కడ నడిపిన కారును ఓడలో వేయించుకుని వచ్చాడు. రెండు తలుపుల జపాన్ బండి. మీట నొక్కితే ముందు లైట్లు రెండూ మూతలు తెరుచుకుని పైకి లేస్తాయి. అందుకని మా వీధి పిల్లలు దాన్ని బ్యాంగ్ గాడీ అంటారు, అంటే కప్పబండి. దాని ఇంజన్ మిగతా కార్ల ఇంజన్ లాంటిది కాదు. మామూలు ఇంజన్‌లో పిస్టన్లు కిందికీ పైకీ ఆడతాయి. దీనిలో పిస్టన్లే లేవు. మూడు మూలలున్న ఇనుప దిమ్మలు రెండు, ఒకదాని వెనక ఒకటి, గదుల్లో గుండ్రంగా తిరుగుతాయి. రుబ్బురోల్లో పొత్రం గోడలను రాసుకుంటూ తిరిగినట్టు తిరుగుతాయని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ గదుల గోడల లోపల, నిప్పుకు అంగుళం ఎడంలో, రేడియేటర్ నీళ్ళు ప్రవహిస్తాయి. నిప్పుకీ నీళ్ళకీ మధ్య సన్నటి రబ్బరు చుట్టలు ఉంటాయి. ఇదంతా వాడు ఎన్నోసార్లు బొమ్మ గీసి చెప్పాడు. నేను విన్నాను. విన్నదాన్ని మాత్రం సరైన చోట వాడలేదు.

మా నాన్న నిమ్‌పురాలో లోకో షెడ్డులో బాయిలర్ పని చేసేవాడు. ఆవిరి ఇంజన్ల రోజులు. నేను ఆయనకు అన్నం క్యారేజీ తీసుకెళ్ళి, అక్కడే కాసేపు నిలబడి చూసేదాన్ని. చల్లారిన బాయిలర్ చుట్టూ దీపం పట్టుకుని తిరుగుతూ తెల్లటి చారల కోసం వెతికేవాడు. నీళ్ళు కారిన చోట ఉప్పు పేరుకుని చార పడుతుంది. చార లేకపోతే అక్కడ కారడం లేదు. షెడ్డులో అందరూ పాటించే లెక్క అది. ఇంకో అలవాటు వాషవుట్. కొన్ని రోజులకొకసారి బాయిలర్‌ను ఖాళీ చేసి, లోపలి మడ్డి కడిగి, కొత్త నీళ్ళు పట్టేవారు. మా ఇంట్లో ఆ మాట ఎంత నాటుకుపోయిందంటే, పెరట్లో తొట్టి కడిగినా, కుండ కడిగినా వాషవుట్ అనే అంటాం. ఖరగ్‌పూర్‌లో షెడ్డు పిల్లలుగా పెరిగిన తెలుగువాళ్ళు చాలామంది ఇలాగే అంటారు.

కారు వచ్చిన కొత్తలో రేడియేటర్ మూత తీసి చూస్తే లోపల నీళ్ళు పచ్చగా ఉన్నాయి. పాచి పట్టిందన్నాను. పాచి కాదు, అది కూలంట్ మందు, తుప్పు పట్టకుండా పోస్తారని వాడు చెప్పాడు. నాన్న జీవితమంతా నీళ్ళతోనే ఇంజన్లు నడిపించాడు కదా అన్నాను. వాడు నవ్వి, అప్ప మాట ఎందుకు కాదనాలని ఊరుకున్నాడు. మా వైపు అక్కను అప్ప అంటాం. అప్పటి నుంచి కాలం మారినప్పుడల్లా నేను గుర్తు చేయడం, వాడు పాత నీళ్ళు వదిలి, కడిగి, కాచి చల్లార్చిన నీళ్ళు పట్టడం. బాయిలర్ పద్ధతిలో కారును చూసుకుంటున్నామని నాకు లోలోపల గొప్పగా ఉండేది.

నిరుడు చలికాలంలో బండి మొండికెత్తింది. పొద్దున తాళం తిప్పితే స్టార్టర్ కుయ్‌మని తిరిగేది కానీ ఇంజన్ అంటుకునేది కాదు. మళ్ళీ మళ్ళీ తిప్పితే ఒక పక్క అంటుకుని, బండంతా వణికి, వెనక గొట్టం నుంచి తెల్లటి పొగ కమ్ముకునేది. కాసేపటికి సర్దుకునేది. చర్చి అయ్యాక, ఇంజన్ ఇంకా వేడిగా ఉన్నప్పుడు మాత్రం ఏ తగువూ లేకుండా లేచేది. ఎదురుగా కిరాణా కొట్టు నడిపే తెలుగావిడ షట్టర్ ఎత్తుతూ, "ఏటి, మీ కప్ప ఇయాల కుయ్యడమేనా, గెంతదా?" అనేది. తమ్ముడు బ్యాటరీ మార్చాడు. ప్లగ్గులు మార్చాడు. రెండు ఆదివారాలు బాగుండి మళ్ళీ మొదటికొచ్చింది.

దానితో పాటే నీళ్ళు తగ్గడం మొదలైంది. శనివారం సాయంత్రం వాడు నిండా పోసి, బండి మీద బజారు దాకా వెళ్ళొచ్చేవాడు. ఆదివారం బయల్దేరే ముందు మూత తీసి చూస్తే మట్టం కిందికి దిగి ఉండేది.

ఆ మొదటి ఆదివారం, "నిన్న పోసినానప్పా. లోటాతో నిండా పోసినాను" అన్నాడు.

"పోస్తే ఏటయినాయి? కింద సుక్క లేదే."

"అదే తెల్దు. లోపలికెక్కడికో పోతన్నాయి."

లోపలికి అన్నాడు. మొదటి రోజే అన్నాడు. నేను ఆ మాట మీద నిలబడి ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే చాలు. కానీ నాకు నా పద్ధతి ఉంది. కారు కింద పాత వార్తాపత్రికలు పరిచాను. పొద్దున్నకు పొడిగా ఉన్నాయి. టార్చి వేసి గొట్టాలన్నీ, బిగింపులన్నీ చూశాను. ఎక్కడా తెల్లటి చార లేదు. కారు లోపల కాళ్ళ దగ్గర పరిచిన చాప తడిమాను. అదీ పొడే. నీళ్ళు బయటికి పోలేదు. పోకుండానే తగ్గాయంటే, పోయనే లేదన్నమాట. వాడు పోయడం మర్చిపోయాడు, పోసినట్టు అనుకుంటున్నాడు. నాన్న దగ్గర నేర్చుకున్న లెక్క ఎక్కడా తప్పలేదని నా నమ్మకం. బాయిలర్‌కు లోపలికి కారే దారి ఉన్నా, ఆ నీళ్ళు నిప్పు మీద పడి చుయ్యిమని అందరికీ వినిపిస్తాయి. ఈ ఇంజన్ నిశ్శబ్దంగా తాగుతుందని నాకు తట్టలేదు.

ఆ తర్వాత నేను వాడిని కనిపెట్టి ఉండడం మొదలుపెట్టాను. కనిపెట్టి చూస్తే ఆ వయసు మనిషిలో లోపాలకు కరువా. రెండుసార్లు గేటు గడియ వేయలేదు. ఒకసారి కళ్ళజోడు నెత్తి మీదే పెట్టుకుని ఇల్లంతా వెతికాడు. కూరగాయలు తెమ్మంటే పొట్లకాయకు బదులు బీరకాయ తెచ్చాడు. ఇవన్నీ వంటింట్లో క్యాలెండరు మీద తేదీల పక్కన పెన్సిల్‌తో గుర్తు పెట్టాను. నా పొరపాట్లకు ఎవరూ క్యాలెండరు పెట్టలేదు. పెట్టి ఉంటే అదీ నిండేది.

కోడలు కాదు, కూతురు కదా, దానికి చెప్పాలి అనుకున్నాను. అది వచ్చిన రోజు వంటింట్లోనే క్యాలెండరు చూపించాను. తేదీలు చూసి దాని ముఖం మారింది. నేను లెక్క చెప్తే మా ఇంట్లో ఎవరూ తిరిగి కూడరు. నా మాట మీద అంత నమ్మకం.

"నాన్నకి ఇది ముదురుద్దేటి అత్తా?" అంది.

"ముదరకుండానే సూసుకోవాల. ముందు బండి మాన్పించు" అన్నాను.

వాడు వరండాలో కూర్చుని ఉన్నాడు. మేము గొంతు తగ్గించే మాట్లాడాం. అయినా విన్నాడని వాడు టీ గ్లాసు లోపలికి తెచ్చి పెట్టిన తీరులోనే తెలిసింది. నా ముఖం చూడలేదు. గ్లాసు కడిగి, బోర్లించి, మళ్ళీ తిప్పి, కడిగానా లేదా అని చూసుకున్నాడు.

డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. ఆయన నెమ్మదిగానే అడిగాడు. ఇవాళ ఏ వారం, ఏ నెల, మూడు వస్తువుల పేర్లు గుర్తుంచుకుని కాసేపాగి చెప్పండి, ఇలాంటివి. తమ్ముడికి అన్నీ తెలుసు. కానీ ప్రతి ప్రశ్నకూ ముందు నా వైపు చూశాడు. చిన్నప్పుడు ఎక్కాలు ఒప్పజెప్తూ ఇలాగే చూసేవాడు, తప్పయితే నా కనుబొమ్మ లేస్తుందని. మూడో వస్తువు పేరు దగ్గర ఆగిపోయాడు. డాక్టరు, వయసుకు ఇది మామూలే, కొన్ని నెలలు చూద్దాం అన్నాడు. ఆ మాటలో మామూలే అన్నది నేను వదిలేసి, చూద్దాం అన్నది ఇంటికి తెచ్చుకున్నాను.

బయటికొచ్చాక కూతురు చెయ్యి చాపింది. వాడు తాళం ఇచ్చాడు. అది నాకిచ్చింది. "ఠీక్ హై అత్తా, నీ కాడే ఉండనీ" అంది. ఆ రోజు నుంచి చర్చికి ఆటోలో వెళ్ళేవాళ్ళం. వాడు ముందు సీట్లో డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చుని, గేరు మార్చాల్సిన ప్రతి చోటా ఎడమ చెయ్యి కొంచెం కదిపేవాడు.

బండి నిలబెట్టేస్తే పాడవుతుందని అప్పుడప్పుడూ నా పక్కన వాడిని కూర్చోబెట్టుకుని... కాదు, నేను నడపలేను. వాడే నడిపేవాడు, పక్కన నేను కూర్చునేదాన్ని. నిమ్‌పురా యార్డు దాకా వెళ్ళి రావడం. తాళం నేను ఇవ్వడం, రాగానే తీసుకోవడం. నీళ్ళు పోసే పని కూడా నేనే తీసుకున్నాను. తీసుకుంటూ ఒక ఏర్పాటు చేశాను. వంటింట్లో కొలత గ్లాసుతో కొలిచి, మెడ దాకా నింపి, మూత బిగించి, మూత మీదుగా తెల్ల టేపు అంటించి దాని మీద సంతకం పెట్టాను. వాడు చాటుగా మూత తీసి, తిరిగి పెట్టి, ఆ సంగతి మర్చిపోతున్నాడేమో అని నా అనుమానం. రుజువు దొరికితే మెల్లగా చూపించి, ఇలా జరుగుతోంది నాయనా అని చెప్పాలనుకున్నాను. మంచి మనసుతోనే చేస్తున్నానని అప్పుడు నాకు అనిపించింది.

యార్డు దాకా వెళ్ళి వచ్చాం. మర్నాడు పొద్దున వాడు స్నానానికి వెళ్ళినప్పుడు చూశాను. టేపు కదల్లేదు. సంతకం చెక్కు చెదరలేదు. మూత తీశాను. నీళ్ళు దిగిపోయి ఉన్నాయి. కొలిచి పోస్తే గ్లాసున్నర పట్టింది.

కాసేపు బానెట్ పట్టుకుని నిలబడ్డాను. లోపల బాత్‌రూములో నీళ్ళ చప్పుడు. వాడు ఏదో కీర్తన సన్నగా పాడుకుంటున్నాడు. వెంటనే వెళ్ళి తలుపు తట్టి, నువ్వు పోశావురా అని చెప్పాల్సింది. చెప్పలేదు. ఒక్కసారి జరిగినదాన్ని రుజువనలేం అనుకున్నాను. కొలత తప్పి ఉండొచ్చు, గాలి బుడగ ఉండి ఉండొచ్చు. ఇంకోసారి చూద్దాం. రెండోసారీ అంతే అయింది. అయినా మూడోసారి చూడాలనుకున్నాను. వాడిని తప్పుబట్టడానికి పరిచిన పత్రికలు ఒక్కసారి పొడిగా ఉంటే నాకు సరిపోయింది. వాడిని ఒప్పు అనడానికి మాత్రం మూడు పరీక్షలు కావలసి వచ్చాయి.

ఆ రెండో పరీక్షకీ మూడో పరీక్షకీ మధ్య ఒక ఆదివారం వచ్చింది.

మా తెలుగు చర్చిలో బైబిలు వాక్యం చదివేది మా తమ్ముడే. సింగపూరు నుంచి వచ్చినప్పటి నుంచీ చదువుతున్నాడు. వాడిది పెద్ద గొంతు కాదు గానీ, ఎక్కడ ఆగాలో తెలిసిన గొంతు. ముసలమ్మలు కొందరు పాస్టరుగారి ప్రసంగంలో కునికినా, వాడు చదివేటప్పుడు మేలుకునేవారు. ఆ ఆదివారం ఆరాధన మొదలవక ముందు వాడు పాస్టరుగారి దగ్గరికి వెళ్ళాడు. నేను మూడో వరసలో కూర్చుని ఉన్నాను. మాటలు వినిపించేంత దగ్గర.

"ఇంక నా వల్ల కాదండి. మద్దెలో పేజీ తప్పిపోతే బాగోదు. ఎవురైనా కుర్రోలికి ఇయ్యండి."

పాస్టరుగారు నా వైపు చూశారు. కాదనమని చూశారు. నాకు అప్పటికి తెలుసు. టేపు రెండుసార్లు చెక్కు చెదరలేదని తెలుసు. లేచి నిలబడి ఒక్క మాట అంటే సరిపోయేది. నేను పాటల పుస్తకంలో నంబరు వెతుకుతున్నట్టు తల దించుకున్నాను. ఇంకా ఒక పరీక్ష మిగిలి ఉంది కదా అని. ఆ రోజు వాక్యం వేరేవాళ్ళు చదివారు. తమ్ముడు తన బైబిలు తెరిచి, వేలితో వెంట వెంట చదువుకుంటూ కూర్చున్నాడు. ఒక్క చోట కూడా ఆ వేలు తప్పలేదు. పక్కనే ఉండి చూశాను.

మూడో పరీక్ష కూడా అంతే తేలింది. అప్పుడు మెకానిక్‌ను పిలిచాను.

అతను మా సందు చివర జీపులు, వ్యాన్లు బాగుచేసే బెంగాలీ, అందరూ దాదా అంటారు, అంటే అన్న. బానెట్ ఎత్తి, మాసీమా, అంటే పిన్నీ, పిస్టన్లు ఎక్కడ అని అడిగాడు. లేవన్నాను. నవ్వాడు. నిజంగానే లేవని తెలిశాక నవ్వడం మానేసి, ఇలాంటివి చూసిన కోల్‌కతా స్నేహితుడికి ఫోన్ చేశాడు. అతను ఫోన్లో చెప్తుంటే ఇతను చేశాడు. నేను టేపు సంగతి, కొలతల సంగతి చెప్పాను. ఫోన్లో మనిషి అది విని, మొదట పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉండగా, రేడియేటర్ మూత తీసి నడిపి చూడమన్నాడు. తిప్పగా తిప్పగా అంటుకున్నాక రేడియేటర్ మెడలో బుడగలు లేచాయి. నీళ్ళింకా చల్లగానే ఉన్నాయి, వేలు పెట్టి చూశాను. అయినా మరుగుతున్నట్టు బుడబుడమంటున్నాయి. నిప్పు గదిలోని గాలి నీళ్ళలోకి తోసుకొస్తోందని అర్థం.

తర్వాత మెడకు, ఒత్తిడి చూపే ముల్లున్న చేతిపంపు తగిలించి గాలి కొట్టాడు. ముల్లు లేచి, మెల్లగా దిగడం మొదలెట్టింది. కింద చూశాం, పక్కల చూశాం. చుక్క లేదు. ఆ ఒత్తిడి మీదే కాసేపు ఉంచి, ప్లగ్గులు విప్పి స్టార్టర్ తిప్పించాడు. వెనక గదికి ఉన్న ప్లగ్గు రంధ్రం నుంచి సన్నటి తుంపర ఎగిరి నా చీర మీద పడింది. నీళ్ళు. ఆగి ఉన్నప్పుడు, ముడుచుకుపోయిన రబ్బరు చుట్ట పక్క నుంచి, వేడి నీళ్ళ ఒత్తిడికి లోపలి గదిలోకి ఊరుతున్నాయి. రాత్రంతా అక్కడే నిలుస్తున్నాయి. పొద్దున తడి ప్లగ్గు మంట పుట్టించలేకపోతోంది. ఎలాగో అంటుకుంటే, ఆ నీళ్ళే తెల్లటి ఆవిరిగా వెనక నుంచి పోతున్నాయి. నేను పొగ అనుకుని ముక్కు మూసుకున్నది మా తమ్ముడు లోటాతో పోసిన నీళ్ళకే.

వాడు ఇదంతా వరండా మెట్టు దగ్గర నిలబడి చూస్తున్నాడు. బండి దగ్గరికి రాలేదు. ఫోన్లో మనిషి ఏదో అడిగితే మెకానిక్ తలెత్తి వాడిని అడిగాడు, వేడిగా ఉన్నప్పుడు బాగానే స్టార్టయ్యేదా అని. ఆ బండిని నా తమ్ముడు తప్ప ఇంకెవరూ నడపలేదు. దాని ప్రతి చప్పుడూ వాడికి తెలుసు.

వాడు నా వైపు తిరిగాడు. "అప్పా, మద్దేన్నం బాగానే అయ్యేదా?"

అయ్యేదని మెకానిక్‌కు నేను చెప్పాను.

మెకానిక్ వెళ్ళాక వరండాలో వాడి పక్కన కూర్చున్నాను. ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియక, టేపు దగ్గర నుంచి చెప్పాను. వాడు వాక్యం చదవడం వదులుకున్న ఆదివారం నాటికే నాకు తెలుసన్నది కూడా చెప్పాను. అది దాస్తే ఇంకో తప్పు అవుతుంది. వాడు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని విన్నాడు.

"అయితే నాను పోసినానా?"

"పోసినావు."

"పెతీసారీ?"

"పెతీసారీ పోసినావురా. తప్పు నాది."

"మరి గేటు?"

గేటు గడియ రెండుసార్లు వేయలేదు, అది నిజం. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. ఆ ఒక్కసారి చేతనైతే బాగుండేది. గేటు మర్చిపోయావు, అది ఎవరైనా మర్చిపోతారు అన్నాను. వాడు తల ఊపాడు. గేటు నిజమైతే మిగతాదీ కొంత నిజమే అయి ఉంటుందన్నట్టు ఊపాడు. వాడి కూతురికి ఫోన్ చేసి నా తప్పంతా వాడి ముందే చెప్పాను. అది అవతల ఏడ్చింది. నా మీద కోపంతోనో, సంతోషంతోనో అడగలేదు. డాక్టరు దగ్గరికి కూడా మళ్ళీ వెళ్ళాం. ఈసారి నేను గది బయట కూర్చున్నాను. తమ్ముడు మూడు వస్తువుల పేర్లూ చెప్పాడట. పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన ఇంటికి వచ్చి మరీ అడిగారు. తమ్ముడు వినయంగా, ఇప్పుడు చదివేవాళ్ళు బాగానే చదువుతున్నారండి అన్నాడు. అంతకు మించి ఎవరు అడిగినా కదల్లేదు.

రబ్బరు చుట్టలు విదేశం నుంచి కోల్‌కతా స్నేహితుడి ద్వారా తెప్పించాల్సి వచ్చింది. వానాకాలం మొదలయ్యాక వచ్చాయి. ఆ స్నేహితుడే ఖరగ్‌పూర్ వచ్చి, మెకానిక్ షెడ్డులో ఇంజన్ దింపి, పలకలు పలకలుగా విడదీశాడు. నేనూ తమ్ముడూ స్టూళ్ళ మీద కూర్చుని చూశాం. రబ్బరు వయసు వల్ల గట్టిపడి పెళుసైపోయింది. అది కాకుండా, చుట్ట కూర్చునే గాడి పక్కన ఇనుము తుప్పు తిని గుంటలు పడి ఉంది. అతను గోటితో గీరి చూపించి, ఈ ఇంజన్‌లో కూలంట్ లేకుండా సాదా నీళ్ళు పోసిందెవరు అన్నాడు.

"నానే" అన్నాడు తమ్ముడు వెంటనే.

"నాను పొయ్యమన్నాను" అన్నాను. "మందు పోస్తానంటే వద్దన్నాను. వాషవుట్ సెయ్యమన్నాను. ఇన్నేళ్ళూ సేయించినాను."

తమ్ముడు నా ముఖంలోకి చూశాడు. నానే అన్నది నన్ను కాపాడడానికి అనుకున్నాను. కాదు.

"నువ్వన్నావేటి?" అన్నాడు. నిజంగానే అడిగాడు. ఆ పచ్చ నీళ్ళ దగ్గర మేమిద్దరం ఏం మాట్లాడుకున్నామో, నాన్న పేరు చెప్పి నేను ఎలా నోరు మూయించానో వాడికి గుర్తుండే ఉంటుంది. ఆ గుర్తును వాడు నమ్మడం లేదు. తన తలలో ఉన్నదానికీ నేను చెప్పేదానికీ తేడా వస్తే, నేను చెప్పేదే సరైనదని అలవాటు చేసుకున్నాడు. ఆ అలవాటు నేను చేసిందే.

గుంటలు పూడ్చి, నున్నగా అరగదీసి, కొత్త చుట్టలు వేసి ఇంజన్ బిగించారు. పచ్చటి కూలంట్ పోశారు. దుర్గాపూజలకు ముందు బండి ఇంటికి వచ్చింది. తాళం వాడి చేతిలో పెట్టి, ఇంక నా దగ్గర ఉంచనన్నాను. రాత్రంతా చల్లారిన బండి పొద్దున్నే ఎలా లేస్తుందో చూడాలని మర్నాడు ఇద్దరం బయటికొచ్చాం. ఎదురు కొట్టు ఆవిడ కూడా షట్టర్ సగం ఎత్తి నిలబడింది. వాడు కూర్చుని, సీటు సర్ది, తాళం తిప్పాడు.

ఒక్క తిప్పుకే లేచింది. వణుకు లేదు. వెనక తెల్లటి ఆవిరి లేదు. ఆ ఇంజన్‌కు ఒక సన్నటి గుమ్మనే చప్పుడుంది, కుట్టుమిషను బాగా తిరుగుతున్నప్పటి చప్పుడు లాంటిది. చాలా కాలం తర్వాత అది వీధంతా వినిపించింది. ముందు లైట్లు లేచాయి. కొట్టు ఆవిడ చేతులు తట్టింది.

తమ్ముడు రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఇంజన్ కదలిక వాడి అరచేతులకు తెలుస్తూనే ఉంటుంది. అద్దం దించి, తల బయటికి పెట్టి నన్ను వెతికాడు.

"స్టార్టయింది కదప్పా?"

అయిందన్నాను. ఇంకోసారి కూడా చెప్పాను. అప్పుడు గేరు వేశాడు.